కాటుతో కాపురం

ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో, హోబార్ట్ నుంచి తూర్పుగా గంటసేపు కారులో పోతే డనాలీ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడ డెనిసన్ కాలువ మీది వంతెన దాటితే ఫారెస్టియర్ ద్వీపకల్పం. ఆ దారిన వెళ్లేవాళ్లలో ఎక్కువమంది పోర్ట్ ఆర్థర్ పాత జైలు చూడటానికి పోతారు. నేను ఈ కాలువ కోసమే వచ్చాను. ఒక అడవి జంతువుకు పట్టిన పీడను ఈ కాలువకు అవతల లేకుండా చేయాలని మనుషులు ఏళ్ల తరబడి కష్టపడ్డ చోటు ఇది. ఆ కష్టం ఎందుకు ఫలించలేదో తెలుసుకుంటే ఆ జంతువు ఎలా బతుకుతుందో తెలుస్తుంది.

ఆ జంతువు టాస్మేనియన్ డెవిల్. కంగారూలాగే పిల్లల్ని కడుపు సంచిలో పెట్టుకుని సాకే జాతి. నల్లటి ఒళ్లు, చాలావాటికి రొమ్ము మీద తెల్లటి పట్టీ, ఒంటికి మించిన తల. మాంసం తినే సంచిజీవుల్లో ఇప్పుడు భూమ్మీద మిగిలినవాటిలో ఇదే పెద్దది. 1996లో దీవి ఈశాన్య మూల, మౌంట్ విలియం ప్రాంతంలో, మొహం మీద పెద్ద పెద్ద గడ్డలున్న డెవిళ్లు ఒక ఫొటోగ్రాఫర్ కెమెరాకు చిక్కాయి. ఆ గడ్డ నోటి చుట్టూ, నోటి లోపలా పెరుగుతుంది. పుండై పగులుతుంది. ఇక నమలడం కుదరదు. గడ్డ బయటపడ్డాక ఏడాది లోపే, చాలాసార్లు ఆకలితోనే, ప్రాణం పోతుంది.

అది క్యాన్సర్. క్యాన్సర్ అంటువ్యాధి కాదని మనకు తెలుసు. ఇది మాత్రం అంటుకుంటుంది. వేరువేరు డెవిళ్ల గడ్డల్లోని క్రోమోజోములను ఆన్ మరీ పియర్స్, కేట్ స్విఫ్ట్ అనే పరిశోధకులు పరిశీలిస్తే అన్నిట్లోనూ ఒకే రకం మార్పులు కనిపించాయి. 2006లో ఆ సంగతి ప్రకటించారు. ఆ గడ్డ జబ్బుపడ్డ జంతువు సొంత కణాలతో పుట్టింది కాదు. ఎప్పుడో ఒక ఆడ డెవిల్ ఒంట్లో, నరాలకు తొడుగుగా ఉండే కణాల్లో మొదలైంది. ఆ డెవిల్ ఏనాడో చచ్చిపోయింది. దాని కణాలు మాత్రం, ఒక మామిడి కొమ్మను చెట్టు తర్వాత చెట్టుకు అంటు కడుతూ పోయినట్టు, ఒక ఒంటి నుంచి మరో ఒంటికి చేరుతూ బతికే ఉన్నాయి. మధ్యలో వైరస్ లేదు, బ్యాక్టీరియా లేదు. అలా చేరడానికి కాటు పడితే చాలు.

ఫారెస్టియర్‌లో 2004 నుంచి 2010 దాకా బోనులు పెట్టి, గడ్డలున్నవాటిని ఏరివేశారు. చుట్టూ నీళ్లు, మధ్యలో కాలువ. బయటివి సులువుగా రాలేవు. జబ్బువి పోతే జబ్బూ పోతుందని ఆశ. పోలేదు.

మామూలు అంటువ్యాధికి గుంపు కావాలి. జంతువులు పలచబడితే ఒకదానికొకటి తారసపడటం తగ్గి, జబ్బు దానంతట అదే సద్దుమణుగుతుంది. జత కట్టే వేళ పడే కాట్లతో అంటుకునే ఈ జబ్బుకు ఆ లెక్క వర్తించదు. అడవిలో వంద ఉన్నా పదే ఉన్నా, ఫిబ్రవరి వచ్చేసరికి మగది ఆడదాన్ని వెతుక్కుంటూ పోవాల్సిందే. పైగా గడ్డ పైకి కనబడే లోపే నెలలు గడిచిపోతాయి. బోనులో నిక్షేపంగా కనిపించి, వదిలేశాక జబ్బు పంచేవి ఉంటాయి. చివరికి అక్కడ మిగిలినవాటన్నిటినీ తీసేసి, 2015లో ఆరోగ్యమైన డెవిళ్లను తెచ్చి వదిలారు.

కారు నడుపుతున్నది హోబార్ట్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు. ఇదంతా విని, "అంటే మామయ్యా, సగం చచ్చినా జబ్బు సగం అవ్వదన్నమాట" అన్నాడు.

"అవ్వదురా. ఆఖరి జంట మిగిలినా అంటుకోవచ్చు."

వాడు కాసేపు మాట్లాడలేదు. ఆర్ఫర్డ్ దాటాక కుడివైపు సముద్రంలో మరియా ద్వీపం కనిపించింది. జబ్బు తగలని డెవిళ్లను 2012లో అక్కడికి చేర్చారు. అవి చక్కగా పెరిగాయి. కానీ నేలమీద గూళ్లు పెట్టుకునే చిన్న పెంగ్విన్‌లు ఆ దీవిలో లేకుండా పోయాయి. ఒక జాతిని దాచిపెట్టే చోటు మరో జాతికి ఇల్లు. ఆ దీవిని చూస్తున్నంతసేపూ మనసు కలుక్కుమంటూనే ఉంది.

సాయంత్రానికి ఫ్రేసినే ద్వీపకల్పం చేరాం. గులాబీ రంగు గ్రానైట్ కొండలు, కింద తెల్లటి ఇసుక. డెవిల్ ఒంటరిగా తిరిగే జంతువని అందరూ అనుకునేవారు. రోడ్రిగో హమెడే, మెన్నా జోన్స్, హామిష్ మెకల్లమ్ అనే పరిశోధకులు ఉత్తర తీరాన ఉన్న నారాన్‌టాపు జాతీయ ఉద్యానవనంలో వాటి మెడలకు ప్రత్యేకమైన పట్టీలు కట్టారు. రెండు డెవిళ్లు దగ్గరకు వస్తే పట్టీలు ఆ సంగతి నమోదు చేస్తాయి. లెక్క తీస్తే, దేనికది విడిగా బతుకుతున్నట్టు కనిపించే ఆ జంతువులన్నీ ఒకే వలలో కలిసి ఉన్నాయి. జత కట్టే కాలంలో ఆడామగల సాంగత్యం, మిగతా రోజుల్లో ఆడవాటి మధ్య సాంగత్యం. ఏ ఒక్క దానికి జబ్బు తగిలినా, ఆ వల వెంట మిగిలినవాటి దాకా దారి ఉంది.

ఆ తర్వాత క్రేడిల్ మౌంటెన్ దగ్గరున్న సంరక్షణ కేంద్రంలో డెవిళ్లను కళ్లారా చూశాను. పొద్దు వాలుతుండగా సంరక్షకురాలు వాలబీ తొడ ఒకటి తెచ్చి ఆవరణలో వేసింది. నాలుగు డెవిళ్లు నాలుగు వైపుల నుంచి దాన్ని పట్టాయి. గుర్రుమనడం, ఒక్కసారిగా కీచుమని అరవడం, ఆ అరుపుల మధ్య ఎముక పటపటా విరగడం. కోపానికి చెవుల పల్చటి చర్మం ఎర్రబడింది. ఒకటి నోరంతా తెరిచి పక్కదాని దవడకేసి తిప్పింది. పక్కది అంగుళం కూడా జరగలేదు.

"ఇదంతా చాలావరకు బెదిరింపే" అందామె. "అసలు గాయాలు మరోచోట పడతాయి." ఒక మగదాని వైపు చూపించింది. మూతి మీద వెంట్రుకలు రాలి, గులాబీ రంగు మచ్చలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. జత కట్టే రోజుల్లో మగది ఆడదాన్ని బొరియలోకి తీసుకుపోయి, మరో మగది రాకుండా రోజుల తరబడి కాపలా కాస్తుంది. ఆడది ఊరుకోదు, కరుస్తుంది. ఆ మచ్చలు అక్కడివి.

ఎక్కువ కాట్లు తిన్నదానికే జబ్బు వస్తుందని ఎవరైనా అనుకుంటారు. హమెడే బృందం 2013లో తేల్చింది దానికి పూర్తిగా విరుద్ధం. తక్కువ కాట్లు పడ్డవాటికే జబ్బు ఎక్కువగా వస్తోంది. అవి కరిచేవి. ఎదుటిదాని మొహం మీది గడ్డను కొరికి, కణాలను తమ నోట్లోకే తెచ్చుకుంటున్నాయి. గడ్డలు చాలావాటికి నోటి లోపల మొదలవడానికి కారణం అదే అయ్యుండాలి. ఎక్కువ పిల్లల్ని కనేవి, గుంపులో పైచేయి ఉన్నవి ముందుగా పోతున్నాయి. బలమున్నది బతుకుతుందంటారు. ఇక్కడ బలమే చావు తెస్తోంది. మనసులో నాకు బాగా నాటుకున్నది ఈ సంగతే.

1990లలో దీవిలో సుమారు 53 వేల డెవిళ్లుండేవని అంచనా. 2020 నాటికి అవి 17 వేలకు దగ్గరగా తగ్గాయి. అది చాలదన్నట్టు 2014లో ఆగ్నేయ తీరాన మరో అంటు క్యాన్సర్ బయటపడింది. ఇది ఒక మగదాని ఒంట్లో పుట్టింది. అయినా డెవిల్ అంతరించలేదు. రెండో ఏట ఈనే ఆడవి ఇప్పుడు చాలాచోట్ల ఏడాదికే ఈనుతున్నాయి. ఈతకు 20 పైన పిల్లలు పుట్టినా చనుమొనలు నాలుగే కాబట్టి నాలుగుకు మించి బతకవు. అయినా ఆ ఒక్క ఏడు కలిసిరావడం చిన్న విషయం కాదు. కొన్నిటికి గడ్డలు వాటంతటవే కరిగిపోయాయి. నాలుగు నుంచి ఆరు తరాల్లోనే జన్యువుల్లో మార్పు మొదలైందని 2016లో తేలింది.

లాన్సెస్టన్ దారిలో చీకటి పడుతుండగా మేనల్లుడు వేగం బాగా తగ్గించాడు. రోడ్డు పక్కన చచ్చిన జంతువును తినడానికి వచ్చి డెవిళ్లు కార్ల కింద పడుతుంటాయని, రాత్రిపూట నెమ్మదిగా వెళ్లమని బోర్డులున్నాయి. జత కట్టొద్దని, కలిసి తినొద్దని వాటికి ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగినా ఆ రెండూ మానిన డెవిల్ ఇక బతకదు. ఈ జబ్బుతో బతకడం అవి వాటి పద్ధతిలో నేర్చుకుంటున్నాయి. అందుకు వాటికి తరాలు కావాలి. తట్టుకునే గుణం ఏ డెవిల్ ఒంట్లో ఉందో పైకి చూసి చెప్పలేం. అందుకే ఒక్కటి కూడా మన చక్రాల కింద పోకూడదు.