దలాలీ

దళారి, దస్తావేజు, బయానా, రసీదు, జామీను, వకీలు. ఇల్లు అమ్మాలన్నా కొనాలన్నా ఈ మాటలు లేకుండా తెలుగువాళ్లకు పని జరగదు. అన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చినవే. ఈ మాటలకు ఏ వీధిలోనూ అడ్డు లేదు. మా ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడే మాకు అడ్డు కనిపించింది.

అబ్బా పోయాక కమలాపురంలోని ఇల్లు అమ్మాలనుకున్నాం. మేము అన్నదమ్ములం ఇద్దరం, ఆపాలు ఇద్దరు. షరియత్ ప్రకారం అమ్మీకి ఎనిమిదో వంతు. మిగిలింది ఆరు భాగాలు చేస్తే మాకు రెండేసి, ఆపాలకు ఒక్కొక్కటి. దళారికి ఎంత ఇచ్చినా అమ్మీ వాటాలోంచీ, ఆపాల వాటాలోంచీ కూడా పోతుంది. అందుకే బేరం గట్టిగా ఆడాం.

మొదట ప్రొద్దుటూరు నుంచి ఒకాయన వచ్చాడు. ఇల్లంతా తిరిగి చూశాడు. బావిలో నీళ్లు చూశాడు. "ఇల్లు బాగుంది సాయిబూ. కానీ తురకోళ్ల వీధి. బయటోళ్లు రారు. వాకిలి పైన ఆ 786 చెరిపి సున్నం కొట్టించండి. నాకు నూటికి మూడు ఇయ్యండి" అన్నాడు. మామూలుగా ఇచ్చేది నూటికి ఒకటో రెండో. ఆ మూడోది దేనికని అడిగాం. నవ్వాడు. మాకు అర్థమైంది. అది మా పేరును దాచిపెట్టే కూలి.

రెండో ఆయన మనవాడే. "బయటోళ్లకు అమ్మితే గల్లీ పోతుంది భాయ్. మనోళ్లకే అమ్ముదాం" అన్నాడు. మీ చేతికి ఇంత, పైన ఎంత వచ్చినా నాది అన్నాడు. ఆ 'ఇంత' ఇంటి విలువకు చాలా తక్కువ. మొదటాయన మా పేరుకు ధర తగ్గించాడు. ఈయన అదే పేరుతో అంగడి పెట్టాడు. ఇద్దరూ అమ్మజూపింది భయాన్నే.

గుజరాత్‌లో 1991 నాటి చట్టం ఒకటి ఉంది. 'కల్లోలిత ప్రాంతం' అని ప్రకటించిన చోట ఇల్లు అమ్మాలంటే కలెక్టరు అనుమతి కావాలి. మా కడప జిల్లాలో అలాంటి చట్టం లేదు. ఉగాది రోజు ముస్లింలు దేవుని కడప గుడికి వెళ్లే జిల్లా ఇది. ఇక్కడ కలెక్టరు అడగనిది దళారి అడుగుతాడు. ఆయన్ను అడిగేవాళ్లు లేరు. 2016లో వచ్చిన రెరా చట్టం కొత్త వెంచర్లు, అపార్టుమెంట్లు అమ్మే ఏజెంట్లను రిజిస్టరు చేసుకోమంది. మా ఇల్లులాంటి పాత ఇంటి బేరానికి అది వర్తించదు. మన జాగ్రత్త మనమే పడాలి.

మూడో ఆయన ఊరివాడే, సైకిలు మీద వచ్చాడు. అబ్బాను మామా అని పిలిచినవాడు. ఈసారి ముందు మేమే అడిగాం. ఈ ఏడాది ఊళ్లో ఎవరి ఇళ్లు అమ్మించావు? కొనేవాళ్ల దగ్గర కూడా తీసుకుంటావా? డబ్బు ఎప్పుడివ్వాలి? రెండు వైపులా తీసుకుంటానని దాచకుండా చెప్పాడు. నూటికి రెండు అడిగాడు. ఒకటిన్నరకు తెగింది. బయానా రోజు కాదు, రిజిస్ట్రేషన్ రోజే ఇవ్వాలి. ధర మాట్లాడేటప్పుడు రెండు పక్షాలూ ఎదురెదురుగా కూర్చోవాలి. మూడు నెలల్లో బేరం కుదరకపోతే మేము వేరే దారి చూసుకుంటాం. అంతా తెల్లకాగితం మీద రాసుకున్నాం. ఆపాలూ సంతకం పెట్టారు.

అప్పుడు అమ్మీ పర్దా వెనక నుంచి ఒక్క మాట అడిగింది. "ఎవరి ఇల్లని చెప్తావు నాయనా?"

"మామ ఇల్లనే చెప్తా అత్తా. ఇంకేమని చెప్పాల?"

ఒకటిన్నర ఇచ్చింది ఆ జవాబుకే.

ఇల్లు అమ్ముడుపోయింది. కొన్నవాళ్లు ఎర్రగుంట్ల నుంచి వచ్చారు, ముస్లింలు కారు. మేము అనుకున్నదానికంటే ధర కొంచెం తగ్గింది. తగ్గింది వెనక గోడ బీటలకు, మా పేరుకు కాదు. ఆ బీటలు మేమే చూపించాం. రిజిస్ట్రారు ఆఫీసులో చెక్కుబంది చదివారు. తూర్పున మసీదు సందు, పడమర రెడ్డి గారి దొడ్డి. ఎన్నో ఏళ్లుగా ఆ హద్దుల మధ్యే బతికాం. కాగితం మీద వాటికి పేచీ ఏమీ లేదు.

దళారి వస్తే ఎంత తీసుకుంటావని అడగండి. దేనికి తీసుకుంటావని కూడా అడగండి.