పేరు మారినా మెరుపు మారలేదు

ఏ ఊరి సెంటర్లోనైనా ఓ ఐదు నిమిషాలు నిలబడి ఫ్లెక్సీలు చూడండి. బొమ్మలు కాదు, అక్షరాలు చూడండి. పుట్టినరోజు జరుపుకొంటున్న నాయకుడి పేరు బంగారు రంగులో ఉబ్బి ఉంటుంది. దాని చుట్టూ ఎర్రటి అంచు, వెనక నల్లటి నీడ. పక్కనే వినాయకచవితి శుభాకాంక్షలు... అదే ఉబ్బు, అదే అంచు, అదే నీడ. ఆ పక్కన కొత్త జంటకు స్వాగతం... మళ్లీ అదే. ఇంకో నాలుగడుగులు వేస్తే, ఎవరో పెద్దాయన పోయారు. దండ వేసిన ఫొటో కింద 'అశ్రునివాళి'. ఆ మాటకూ బంగారు మెరుపే!

చేసినవాళ్లకు మనసు లేదని తిట్టుకోనక్కర్లేదు. అది ఫొటోషాప్‌లో 'లేయర్ స్టైల్' అనే సదుపాయం చేసే పని. కంప్యూటర్లో ఫ్లెక్సీ అంటే పొరల దొంతర. అడుగున ఆకాశమో గులాబీలో ఒక పొర, దాని మీద ఫొటో ఒక పొర, ఆ పైన పేరు ఒక పొర. పేరున్న పొరకు నీడ, అంచు, ఉబ్బు, మెరుపు... ఏది కావాలంటే అది తగిలించొచ్చు. అన్నీ కలిపితే స్టైల్. చొక్కా లాంటిదన్నమాట. లోపలి మనిషి మారినా చొక్కా అదే. 'జన్మదిన శుభాకాంక్షలు' చెరిపేసి అదే పొరలో 'అశ్రునివాళి' అని కొట్టండి. అక్షరాలే మారతాయి. మెరుపు మారదు.

ఈ సంగతి నాకు జర్నలిజం డిప్లొమా క్లాసులో తెలియలేదు. అంతకు చాలా ముందే మా చిన్నమావయ్య దగ్గర తెలిసింది.

తాడేపల్లిగూడెంలో మావయ్య మొదట బోర్డులు రాసేవాడు. సుద్దపొడి పట్టించిన దారాన్ని గోడ మీద బిగించి లాగి వదిలితే టప్పున గీత పడేది. రెండు గీతల మధ్య చాక్‌పీస్‌తో అక్షరాల ఆకారం గీసుకుని, ఎనామిల్ రంగు నింపేవాడు. నీడ మాత్రం మర్నాడే. పచ్చిరంగు పక్కన ఇంకో రంగు పెడితే రెండూ కలిసిపోతాయి కదా. నీడ ఎప్పుడూ కుడివైపు, కిందికి. "అన్నిటికీ అటే ఎందుకు మావయ్యా?" అంటే, "సూర్యుడొక్కడేగా అమ్మాయ్! ఒక అక్షరానికి ఇటూ ఇంకోదానికి అటూ పడుద్దా నీడ?" అనేవాడు.

ఫ్లెక్సీలు వచ్చాక గోడలు రాయించుకునేవాళ్లు తగ్గిపోయారు. 2003లో ఎవరిదో పాత కంప్యూటరు కొని షాపులో పెట్టాడు. నలభై ఏళ్ల వయసులో, మౌస్ పట్టుకోవడం తన సగం వయసు కుర్రాడి దగ్గర నేర్చుకున్నాడు. బ్రష్ పట్టినప్పుడు ఒణకని చెయ్యి మౌస్ పట్టుకుంటే ఒణికేది. నేను తొమ్మిదో తరగతి సెలవుల్లో అమ్మమ్మ ఇంటికొచ్చి రోజంతా ఆ షాపులోనే ఉండేదాన్ని. ఏసీ ఉండేది మరి!

ఫొటోషాప్ 7లో మావయ్య మొట్టమొదట వెతికింది నీడనే. 'డ్రాప్ షాడో' నొక్కగానే అక్షరం వెనక నీడ పడింది. ఆరబెట్టే పన్లేదు, మర్నాటిదాకా ఆగే పన్లేదు. అక్కడే 'గ్లోబల్ లైట్' అని ఓ గడి ఉంది. దానికి టిక్ ఉన్న పొరలన్నిటికీ వెలుతురు ఒకే దిక్కు నుంచి వస్తుంది. ఒకదాంట్లో కోణం తిప్పితే ఫ్లెక్సీ మొత్తంలో నీడలన్నీ కలిసి తిరుగుతాయి. అది కనిపెట్టిన రోజు మావయ్య కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వాడు. "చూశావా! వీడిక్కూడా సూర్యుడొక్కడే!"

అంతకుముందు ఫొటోషాప్‌తో కుస్తీ పట్టినవాళ్లకు ఈ సుఖం లేదు. అక్షరాలకు ఇంకో నకలు తీసి, నల్లరంగు పులిమి, మసక చేసి, కాస్త పక్కకు జరిపితే అదే నీడ. పైగా ఒకసారి కొట్టిన మాట బొమ్మలో చుక్కలుగా స్థిరపడిపోయేది. అక్షరం తప్పు పోతే అంతా మళ్లీ మొదటికే. 1998లో వచ్చిన ఐదో వెర్షన్‌తో రెండు కష్టాలూ ఒకేసారి తీరాయి. మాటను ఎప్పుడైనా దిద్దుకోవచ్చు, నీడ దాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. 2000లో వచ్చిన ఆరో వెర్షన్లో అంచు గీసే 'స్ట్రోక్' చేరింది. నచ్చిన స్టైల్‌ను పేరు పెట్టి దాచుకునే పెట్టె కూడా వచ్చింది. మన సెంటర్లలో కనిపించే బంగారు అక్షరాలకు పుట్టిల్లు ఆ పెట్టే.

ఈ స్ట్రోక్ ఉందే, అది మన లిపికి మేలూ చేసింది, కీడూ చేసింది. ముందు మేలు సంగతి. అను ఫాంట్ల లాంటి వాటిలో తెలుగు అక్షరాన్ని ముక్కలుగా పేరుస్తారు. అక్షరం ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు ఇంకో ముక్క. కోరెల్‌డ్రాలో వీటికి అంచు పెడితే ప్రతి ముక్క చుట్టూ విడివిడిగా గీత పడుతుంది. అక్షరం కడుపులో గీతలు అడ్డదిడ్డంగా కనిపిస్తాయి. ముక్కలన్నిటినీ అతికితే గానీ కుదరదు. ఫొటోషాప్ స్టైల్ మాత్రం పొర మొత్తాన్ని ఒకే ఆకారంగా చూస్తుంది. అంచు బయటి చుట్టూ శుభ్రంగా పడుతుంది.

ఇక కీడు. ఇంగ్లిషు పెద్దక్షరాలు ఎంత లావు అంచునైనా చాలావరకు తట్టుకుంటాయి. మన అక్షరాల బతుకంతా చిన్నచిన్న సందుల్లోనే ఉంది. అంచు కాస్త లావైతే 'ప' నోరు మూసుకుపోయి 'వ' అయి కూర్చుంటుంది. 'ధ' కింద ఉండే చిన్న గీత అంచులో మునిగిపోయి 'ద' మిగులుతుంది. పద్మగారు వద్మగారవుతారు. కంప్యూటర్లో పెద్దది చేసుకుని చూసినప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. పది అడుగుల మీద కట్టాక, రోడ్డుకు ఇవతలి నుంచి చూస్తేనే తెలుస్తుంది అసలు రంగు. మావయ్య అందుకే కళ్లు సగం మూసి చూస్తాడు. గోడలు రాసే రోజుల నాటి అలవాటు.

ఇంకో చిక్కుంది. స్టైల్‌లోని అంచూ నీడా చుక్కల లెక్కన ఉంటాయి. పెద్ద ఫ్లెక్సీకి సరిపోయిన 20 చుక్కల అంచును తీసుకెళ్లి చిన్న కార్డు ఫైల్లో అతికిస్తే అది తగ్గదు. అక్షరాన్ని మింగేస్తుంది. 'స్కేల్ ఎఫెక్ట్స్'కి వెళ్లి చేత్తో తగ్గించుకోవాలి. ఫైలు సైజు మార్చేటప్పుడు 'స్కేల్ స్టైల్స్' అన్నచోట టిక్ ఉందో లేదో చూసుకోవాలి. ఇవి తెలిసిన కుర్రాళ్లు తక్కువ. తెలిసినా, బయట బండి స్టార్టు చేసి "అయిందా?" అంటున్న కస్టమర్ ముందు గుర్తుండేవాళ్లు ఇంకా తక్కువ.

పత్రికలో చేరాక నాకు మరో తేడా అర్థమైంది. మా పేజీలు ఇన్‌డిజైన్‌లో తయారవుతాయి. అక్కడ ఉపశీర్షికకో స్టైల్, వ్యాసానికో స్టైల్. స్టైల్‌ను ఒకచోట సవరిస్తే ఆ ఫైల్లో దాన్ని తొడుక్కున్న ప్రతి వాక్యమూ మారిపోతుంది. ఎవరైనా ఒక వాక్యాన్ని విడిగా గెలికితే స్టైల్ పేరు పక్కన ప్లస్ గుర్తు పడుతుంది, చాడీ చెప్పినట్టు. ఫొటోషాప్‌లో దాచుకున్న లేయర్ స్టైల్ అలాంటిది కాదు. అది రబ్బరు స్టాంపు. గుద్దాక స్టాంపుకీ కాగితానికీ సంబంధం తెగిపోతుంది. పెట్టెలో ఉన్నదాన్ని రేపు మార్చినా, నిన్న వేసినవి నిన్నటిలాగే ఉంటాయి. 2012లో వచ్చిన సీఎస్6 నుంచి ఫొటోషాప్‌లోనూ మా పేజీల్లో లాంటి స్టైల్స్ ఉన్నాయి కానీ అవి ఫాంటు, సైజు, రంగు వరకే. నీడలూ అంచులూ వాటి పరిధిలోకి రావు. వాటిని మార్చాలంటే ఒక పొరలో సరిచేసి, 'కాపీ లేయర్ స్టైల్' అని, మిగతా పొరలన్నీ ఎంచుకుని 'పేస్ట్ లేయర్ స్టైల్' అనాలి. అంటే ఏ పొరకు పోవాలో, ఏ పొరకు పోకూడదో మనిషే చెప్పాలి.

2019లో అమ్మమ్మ పోయింది. దినకార్యానికి ఫ్లెక్సీ కావాలి కదా. మావయ్య ఇంట్లో చుట్టాల మధ్య ఉన్నాడని షాపులో కుర్రాడే తయారుచేసి ఫోన్‌కి పంపాడు. వాడు చేసిన పనిలో వంక పెట్టడానికేం లేదు. ఫొటోను చక్కగా కత్తిరించాడు. తేదీలు సరిగ్గా వేశాడు. ఆ నెలలో ఎవరిదో పుట్టినరోజుకు చేసిన ఫైలు తెరిచి, అక్షరాలు మార్చాడు, అంతే. 'శ్రద్ధాంజలి' బంగారంలా ధగధగలాడుతోంది. చుట్టూ ఎర్రటి అంచు. ఆ అంచులో 'ద్ధ' గీత మునిగిపోయి 'శ్రద్దాంజలి' అయింది. దాని కింద తెల్లచీరలో అమ్మమ్మ.

మావయ్య కోప్పడలేదు. ఫోన్ నా చేతికిచ్చి, చెప్పులేసుకున్నాడు. నేనూ వెంట వెళ్లాను. రాత్రి తొమ్మిదయింది. కుర్రాడు లేచి నిలబడ్డాడు. మావయ్య కూర్చుని, పేరున్న పొర మీద రైట్ క్లిక్ చేసి 'క్లియర్ లేయర్ స్టైల్' నొక్కాడు. బంగారం, అంచు, ఉబ్బు, మెరుపు అన్నీ ఒక్కసారిగా పోయాయి. తెల్లటి అక్షరాలు మిగిలాయి.

"దూరం నుంచి కనబడదండీ గురువుగారూ..." అన్నాడు కుర్రాడు భయం భయంగా.

"మా అమ్మ జరీ చీర కట్టగా చూశావట్రా ఎప్పుడైనా?"

అయితే కుర్రాడన్నదీ నిజమే. తెల్లచీర మీదికి వచ్చినచోట తెల్ల అక్షరాలు కలిసిపోతున్నాయి. మావయ్య చాలాసేపు చూశాడు, కళ్లు సగం మూసి. అక్షరాలకు ముదురు కుంకుమరంగు పెట్టాడు. తీసేశాడు. అడుగున ఉన్న గులాబీల పొరను తీసి బూడిదరంగు వేశాడు. చివరికి నీడ ఒక్కటి పెట్టాడు. కుడివైపు, కిందికి. గాఢత 75 శాతం ఉంటే దాన్ని తగ్గించుకుంటూ వచ్చి 30 దగ్గర ఆపాడు. ఆ నీడను కాపీ చేసి అమ్మమ్మ పేరుకు, తేదీలకు అతికించాడు. అడుగున ఉండే 'దుఃఖతప్త కుటుంబ సభ్యులు' అన్న వరుసకు మాత్రం అతికించలేదు. "మనకెందుకు నీడలు" అన్నాడు. ఆ మాట నాతో అన్నాడో తనతో తను అనుకున్నాడో తెలీదు. ఒక ఫ్లెక్సీకి గంటన్నర పట్టింది. మామూలుగా పావుగంట పని.

దినకార్యం నాడు పందిట్లో ఓ పెద్దాయన ఫ్లెక్సీ చూసి, "సొంత షాపు ఉండి తల్లికి ఇంత సాదాగానా?" అని అందరికీ వినబడేట్టే అన్నారు. మావయ్య వినకపోలేదు. వడ్డన చూడ్డానికి లోపలికి వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఆ రోజు పందిట్లో కళ్లకు హాయిగా ఉన్నది ఆ ఫ్లెక్సీ ఒక్కటే అనిపించింది. మనవరాలిని కాబట్టి అలా అనిపించిందంటే కాదనను.

కుర్రాడు ఆ నీడను స్టైల్‌గా దాచి 'అమ్మమ్మగారు' అని పేరు పెట్టాడు. ఎవరైనా పోయారని వచ్చినవాళ్లకు రెండూ చూపిస్తాడు, బంగారపుదీ ఇదీ. ఎక్కువమంది బంగారమే అడుగుతారట. మావయ్య ఎవరికీ సలహా చెప్పడు. "వాళ్లమ్మ, వాళ్లిష్టం" అంటాడు. దీని మీద నాకూ ఆయనకూ వాదన ఉంది. అడిగినవాళ్లకైనా ఓ మాట చెప్పాలి కదా అంటాను నేను. "తల్లి పోయి వచ్చినవాడికి రంగుల పాఠం చెప్పమంటావా?" అంటాడు. ఇంతవరకూ తేలలేదు.

2021లో కస్టమర్లు మరీ పల్చగా ఉందంటున్నారని కుర్రాడు 'అమ్మమ్మగారు' స్టైల్‌లో నీడ పెంచి, సన్నటి అంచు కూడా చేర్చి, పాతదాని బదులు దాచాడు. షాపు నుంచి ఇప్పుడు బయటికెళ్లేది అదే. ఏటా వర్ధంతికి మావయ్య తెరిచేది మాత్రం అసలు ఫైలు. 2024లో 'నాలుగో' చెరిపి 'ఐదో' అని కొట్టేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. నీడ 30 శాతం దగ్గరే ఉంది.