వనమహిషం వెంట ఉదంతికి

అనువాదకునికి తప్పులు కొత్త కావు. కాని ఒక తప్పు నన్ను రాయపూర్ దాకా నడిపించింది. మధ్యభారతపు అడవులను గురించిన ఒక హిందీ వ్యాసాన్ని తెలుగు చేస్తూ, 'వన్ భైంసా' అన్నచోట నిస్సంకోచంగా 'అడవిదున్న' అని రాశాను. అచ్చయిన కొన్నాళ్లకు, అటవీశాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దలొకరు ఉత్తరం రాశారు. పాపికొండలలో మనవాళ్లు అడవిదున్న అనేది గౌర్ అనే జంతువునట; అది ఎద్దు జాతికి దగ్గరిది. వ్యాసంలోనిది గేదె జాతి జంతువు, మన పెరటి గేదెకు మూలపురుషుడు. రెంటినీ ఒకే గుంజకు కట్టేశానని ఆయన మందలింపు.

ఆ వనమహిషాన్ని కన్నులారా చూడాలన్న కోరిక అప్పుడు పుట్టింది. ఒక మార్చి నెలలో పనిమీద రాయపూర్ వెళ్లినప్పుడు, దానికోసం రెండు రోజులు మిగుల్చుకున్నాను.

విశాఖపట్నం నుంచి వెళ్లేవారికి రాయపూర్ పూర్తిగా పరాయి ఊరు అనిపించదు. రైల్వే ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇది రాజధాని అయింది. కొత్త రాష్ట్రం తన రాష్ట్ర జంతువుగా వనమహిషాన్ని ఎంచుకున్నది. ఎంచుకున్న కొద్ది సంవత్సరాలకే ఆ గౌరవం చేదుగా పరిణమించింది. ఈ జంతువుకు నిలయమని పేరుపడిన ఉదంతి అడవిలో 2007 నాటికి ఏడే మిగిలాయి. ఆ ఏడింటిలో ఆడది ఒక్కటే. దాని పేరు ఆశ.

ఆశను పులుల బారిన పడకుండా ఆవరణలో ఉంచి కాపాడారు. అది ఈనింది, కాని పుట్టిన దూడలలో ఎక్కువ మగవే. చివరకు శాస్త్రజ్ఞులు ఆశ శరీరకణాలతో క్లోనింగ్ ప్రయత్నించారు. 2014 డిసెంబరులో హర్యానాలోని కర్నాల్‌లో, జాతీయ పాడిపరిశోధన సంస్థలో, ఒక పెయ్య పుట్టింది. దానికి దీపాశ అని పేరు పెట్టి, 2018లో రాయపూర్ శివారున ఉన్న జంగిల్ సఫారీకి తీసుకువచ్చారు. ఇది నిజంగా వనమహిషమేనా, ఊరగేదెను పోలి ఉన్నదే అన్న సందేహాలు దానిని వెన్నాడాయి. అటుపైన అస్సాంలోని మానస్ అడవి నుంచి 2020లో రెండు, 2023లో నాలుగు వనమహిషాలను తెచ్చి, రాయపూర్‌కు ఈశాన్యాన ఉన్న బర్నవాపారా అభయారణ్యపు ఆవరణలో ఉంచారు. ప్రపంచం మొత్తం మీద ఈ జాతి నాలుగువేలకు మించదని అంచనా. వాటిలోనూ అత్యధిక భాగం అస్సాంలోనే.

ఇంత శాస్త్రం, ఇంత వ్యయప్రయాస. కాని ఆశ ఉదంతిలో చివరి ఆడదిగా ఎందుకు మిగిలిపోయింది? దీనికి జవాబు పరిశోధనశాలలో దొరకదు. అందుకే తెల్లవారుజామున ఉదంతికి బయలుదేరాను.

రాయపూర్ నుంచి ఆగ్నేయంగా పోయే దారిలో ముందు రాజిమ్ వస్తుంది. అక్కడ మహానది, పైరి, సోంఢూర్ నదులు కలుస్తాయి. వేసవి మొదట్లో సంగమం చాలావరకు ఇసుకే. ఒడ్డున రాజీవలోచనుని ప్రాచీనాలయం. గరియాబంద్ దాటి మైన్‌పూర్ చేరేసరికి దారికి ఇరువైపులా సాలవృక్షాలు దట్టమయ్యాయి. ఎక్కడ చూచినా ఇప్పచెట్ల కింద ఆడవాళ్లు, పిల్లలు వంగి తెల్లని పూలు ఏరుకుంటున్నారు. గాలి నిండా మత్తైన తీపివాసన.

1974లో సీతానదిని, 1983లో ఉదంతిని అభయారణ్యాలుగా ప్రకటించారు. 2009లో రెంటినీ కలిపి పులుల రక్షితప్రాంతం చేశారు. దీని విస్తీర్ణం 1,842 చదరపు కిలోమీటర్లు. ఇందులో ఎన్నో పల్లెలున్నాయి. గోండులు, వెదురుపనిలో చేయితిరిగిన కమార్లు, భుంజియాలు ఇక్కడి పాతకాపులు. భుంజియాలలో ఒక తెగవారు వంటింటిని వేరుగా కట్టి ఎర్రమట్టి పూస్తారు. పరాయివాడు దానిని తాకితే తగులబెట్టి కొత్తది కట్టుకోవలసిందే. పరాయి అడుగు పడరాని చోటు ఒకటుండాలన్న నియమాన్ని ఈ అడవివాసులకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదని, ఆ ఎర్రని గుడిసెను దూరం నుంచి చూచినప్పుడు నాకు తోచింది.

ఒక పల్లెలో వృద్ధుడైన గోండురైతు ఇంటి అరుగుమీద కూర్చున్నాము. మా వాహనం నడిపే కుర్రవాడు ఆయనను "కకా" అని పిలుస్తూ, ఆయన ఛత్తీస్‌గఢీని నాకు హిందీలో విప్పి చెప్పాడు. వనమహిషాలు ఎక్కడికి పోయాయని అడిగాను.

"ఎక్కడికీ పోలేదు బాబూ, మా మందలో కలిసిపోయాయి" అన్నాడాయన.

మొదట అర్థం కాలేదు. తరువాత విడమరిచి చెప్పాడు. అడవిలో ఆడవి తగ్గేకొద్దీ, ఒంటరి పోతులు ఊరి గేదెల మందలను వెతుక్కుంటూ వచ్చేవి. పుట్టిన దూడలు అటు అడవివీ కావు, ఇటు ఊరివీ కావు. ఊరి పశువుల గాలికుంటువంటి జబ్బులు మేతబీళ్లలోనే అడవి పశువులకు అంటుకునేవి. వేసవిలో రెంటికీ మడుగు ఒక్కటే. పోతు చేలో పడితే ఏడాది కష్టం ఒక్క రాత్రిలో నేలపాలు. ఇప్పపూలు ఏరడానికి చెట్టుకింద ఆకులు తగులబెడితే, ఆ మంట బీళ్లకు పాకి లేతగడ్డిని మాడ్చేది.

ఆయన చెప్పిన ప్రతి కారణమూ ఊరిపొలిమేరలో పుట్టినదే. ఊరిమందను అడవిమందకు ఎడంగా తోలేది పశువులకాపరి. టీకా వేయించడానికి పశువును పట్టి నిలిపేది రైతు. ఇప్పచెట్టు కింద నిప్పు పెట్టకుండా చీపురుతో ఊడ్చుకోవలసినది ఆ పూలు ఏరే తల్లి. వీరు పూనుకోకపోతే కర్నాల్‌లో నూరు పెయ్యలు పుట్టినా, మానస్ నుంచి నూరు తెచ్చినా ఆవరణలోనే ఉండిపోవాలి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను అరికట్టింది. ఆ మేలు కాదనలేనిది. కాని దాని నీడలో అడవిలోని పల్లె ఒక అడ్డంకిగా లెక్కకు వచ్చింది. 2006 నాటి అటవీహక్కుల చట్టం ఆ చూపును మార్చబోయింది. దాని ప్రకారం 2021లో, ఈ రక్షితప్రాంతపు గర్భభాగంలో సీతానది వైపున్న ఐదు పల్లెలకు అడవిపై సామూహిక హక్కు గుర్తింపు లభించింది. 2023లో ఏనుగుల కదలికను ముందే తెలిపే మొబైల్ యాప్ ఇక్కడ మొదలైంది. 'హాథీ మిత్ర దళ్' సభ్యులు అడుగుజాడలు చూచి సమాచారం చేరవేస్తే, దగ్గరి పల్లెల ఫోన్లు మోగుతాయి. యంత్రం కొత్తది, దానికి ఆధారమైన చూపు మాత్రం పాతది.

ఇది మనకు తెలియని విద్య కాదు. నల్లమలలో చెంచుయువకులు పులుల రక్షణశిబిరాలలో కావలి కాస్తున్నారు. హిందూపురానికి చేరువనున్న వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊరి నడుమ చింతచెట్ల మీదనే గూళ్లు కట్టుకుంటాయి. అవి వస్తే వానలు వస్తాయని గ్రామస్థుల నమ్మకం. వాటికోసం చింతపండు రాబడినైనా వదులుకున్నారు. అయితే నమ్మకం ఒక్కటే చాలదు. గోండురైతు చేను పోతు తొక్కినప్పుడు నష్టపరిహారం వేళకు అందకపోతే, ఎంతటి నమ్మకమైనా రెండు పంటలకు మించి నిలువదు.

నేను అనువదించే ప్రభుత్వ పత్రాలలో 'ప్రజల భాగస్వామ్యం' అన్న మాట తరచు వస్తుంది. ఎవరో తలపెట్టిన కార్యానికి ఇరుగుపొరుగును పిలిచినట్లుంటుంది ఆ మాట. ఉదంతిలో పిలవవలసినది పల్లెవారిని కాదు; వారి అనుమతితో అక్కడికి వెళ్లవలసినది మనము.

ఆ రోజు అడవిలో నాకు వనమహిషం కనబడలేదు. పొద్దు వాలుతుండగా లేచి సెలవు తీసుకున్నాను. వృద్ధుడు వాకిలి దాకా వచ్చి, అస్సాం నుంచి తెచ్చినవాటిని ఎప్పటికైనా ఇటు వదులుతారా అని అడిగాడు. నాకు తెలియదన్నాను.

"వదిలేముందు మాకొక మాట చెప్పమనండి" అన్నాడు. "పెద్దమడుగు వాటికి విడిచిపెట్టి, మా పశువులను ఇటుపక్క తోలుకుంటాము."

రాయపూర్ చేరగానే ఆ పెద్దమనిషికి జవాబు రాశాను. రెండో ముద్రణలో 'అడవిదున్న' పోయి 'వనమహిషం' వచ్చింది. మడుగు సంగతి ఎవరికి రాయాలో తెలియక, ఇదిగో ఇక్కడ రాస్తున్నాను.