మూన తిరిగేదాకా

మొన్న జనవరిలో మా అమ్మాయి మిన్నెసోటా నుంచి వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టింది. "స్టిల్ యాక్లిమేటింగ్ అమ్మా."

ఆగస్టులో వెళ్లింది చదువుకి. ఆర్నెల్లు కావస్తోంది. ఆ రోజు అక్కడ మైనస్ ఇరవై అని మావారు ఫోన్‌లో చూసి చెప్పారు. నేను పప్పు తాలింపులో ఉన్నాను. ఆ ఇంగ్లీషు మాట పూర్తిగా అర్థం కాకపోయినా, ఏదో అలవాటు పడటం గురించేనని ఊహించి, "అందరూ ఉండటం లేదా అక్కడ? సర్దుకోవాలి తల్లీ" అని కొట్టేశాను.

మూడు రోజులు ఫోన్ లేదు. మెసేజ్ చూసినట్టు నీలం టిక్కులు మాత్రం పడ్డాయి.

మూడో రోజు రాత్రి నిద్ర పట్టక, ఆ మాటకి అర్థం ఏమిటా అని వెతికాను. అమెరికా వాళ్లు ఎక్కువగా యాక్లిమేట్ అంటారట, ఇంగ్లండు వాళ్లు అక్లైమటైజ్ అంటారట. రెండూ ఒకటే. కొత్త వాతావరణానికో, కొత్త చోటుకో మెల్లగా అలవాటు పడటం. అందులో ఉన్నది క్లైమేట్ అన్న మాటే. దాని మూలం గ్రీకులో 'వాలు' అట. సూర్యుడు ఎక్కడ ఎంత ఏటవాలుగా ఉంటాడన్న లెక్కతో వాళ్లు భూమిని పట్టీలుగా విడదీసుకున్నారట. నా పిల్ల ఇప్పుడు ఎండ ఏటవాలుగా, పేరుకి మాత్రమే తగిలే చోట ఉంది. ఆ మాట దానికి సరిగ్గా సరిపోయింది.

కొండలెక్కేవాళ్లు ఈ మాట ఎక్కువగా వాడతారు. మన తెలంగాణ పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది కదా. ఎంత ధైర్యవంతులైనా ఆ ఎత్తుకి ఒక్క బిగిన పోలేరు. కొంత ఎక్కి, రాత్రికి కిందికి దిగి పడుకుని, మర్నాడు మళ్లీ ఎక్కుతారు. పలచటి గాలికి తగ్గట్టు ఒంట్లో రక్తకణాలు పెరగడానికి రోజులు పడుతుంది. "సర్దుకో" అని ఎవరు చెప్పినా రక్తం వినదు.

అక్కడే నాకు చురుక్కుమంది. సర్దుకోవడం అంటే మనం ముడుచుకుని కూర్చోవడం. బస్సులో ముగ్గురి సీట్లో నాలుగో మనిషిగా సర్దుకుంటాం. ఇది అది కాదు. ఇందులో మనిషి లోపల ఏదో కొత్తగా పెరగాలి. దానికి టైము కావాలి.

నాకు తెలియని సంగతా ఇది? మాది తెనాలి పక్క పల్లె. పెళ్లై పాలంపేట వచ్చాను. అప్పటికి ఇది వరంగల్ జిల్లా, ఇప్పుడు ములుగు. వచ్చిన మూడో రోజు అత్తమ్మ పొయ్యి దగ్గర నుంచి "పిల్లా, గంజు తే" అంది. నేను అన్నం వార్చిన గంజి గిన్నె నిండా పట్టుకెళ్లాను. ఇల్లంతా నవ్వు. గంజు అంటే వంటగిన్నె అని నాకేం తెలుసు? అందరితో పాటు నేనూ నవ్వేసి, పెరట్లోకి వెళ్లి ఏడ్చాను. మా అమ్మకి ఫోన్ చేస్తే ఆవిడ కూడా అదే అంది, "సర్దుకోవాలే" అని. ఆ మాట అమ్మ చేతిలోంచి నా చేతికి వచ్చింది, నేను నా కూతురికి అందించాను.

అత్తమ్మ మాత్రం ఆ మాట అనలేదు. ఆ సాయంత్రం నన్ను రామప్ప చెరువు కింద ఉన్న మా మడి దగ్గరికి తీసుకుపోయింది. నాట్లు వేసి నాలుగు రోజులు. నారంతా పసుపు తిరిగి, తలలు వాల్చేసి ఉంది. "చూడు బిడ్డా, పీకి తెచ్చి పెట్టినం గద, యేరు పట్టాలె. అప్పటిదాంక మనమే నీళ్లు చూసుకోవాలె" అంది. ఇంకేం మాట్లాడలేదు. మర్నాటి నుంచి ఏ వస్తువు అడిగినా వేలితో చూపించి మరీ అడిగేది.

మా నాన్న దీన్నే "మూన తిరగడం" అంటారు. పీకి నాటిన నారు కొత్త వేరు వేసి, మళ్లీ పచ్చబడటం. అందాకా మడిలో పలచగా నీళ్లు నిలవాలి. ఆరితే వడలిపోతుంది, ఎక్కువైతే మునిగిపోతుంది. రాత్రంతా డిక్షనరీలో వెతికిన మాట మా నాన్న నోట్లో ఎప్పటినుంచో ఉంది. పైగా ఇంగ్లీషు మాటలో లేనిది ఇందులో ఉంది, నీళ్లు పెట్టే మనిషి.

మర్నాడు ఊరికే గుడికి వెళ్లాను. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి. 2021 జూలైలో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. గైడు చెప్పేది వందసార్లు విన్నాను. పునాది గొయ్యిలో ఇసుక నింపి దానిమీద కట్టారని, భారం తగ్గడానికి విమానానికి నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలు వాడారని. ఆ రోజు అది వేరేగా వినిపించింది. అంత రాతిని నిలబెట్టేముందు, కింద కాస్త కదలడానికి చోటు ఉంచారు, పైన బరువు తగ్గించారు. ఎనిమిది వందల ఏళ్లలో లోపల నేల కొన్నిచోట్ల కుంగి ఎగుడుదిగుడైంది. నడుస్తుంటే పాదాలకి తెలుస్తుంది. గుడి మాత్రం నిలబడే ఉంది.

ఇంటికొచ్చి నేనే ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారుతోంది. "ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది తల్లీ" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఐదింటికే చీకటి పడుతోందట. క్లాసులో నోరు తెరవాలంటే ముందు వాక్యం మనసులో కూర్చుకుంటోందట, ఈలోగా మాట వేరే వాళ్లు అందుకుంటున్నారట. వెనక్కి వచ్చేయాలని రెండుసార్లు టికెట్ రేట్లు చూసిందట. నా గుండె జారిపోయింది. ఆ మెసేజ్ పెట్టింది రెండోసారి చూసిన రోజే.

"రావాలనిపిస్తే రా. అలవాటు కాకపోవడం తప్పేం కాదు" అన్నాను. ఫీజు కోసం తెచ్చిన అప్పు గుర్తొచ్చినా సరే, ఆ మాట అన్నాను. తర్వాత నాన్న మడి సంగతి, నా గంజి సంగతి చెప్పాను. గంజి దగ్గర నవ్వింది.

ఇప్పుడు రోజూ దాని పొద్దుటికి ఒక ఫోన్. "అలవాటైందా?" అని మాత్రం అడగను. మొక్కని రోజూ పీకి వేరు పట్టిందో లేదో చూస్తే ఇక పట్టేదెప్పుడు? ఏం వండుకున్నావు, పక్క గది పిల్ల జ్వరం తగ్గిందా, ఇలాంటివే. వెళ్లేటప్పుడు వద్దన్న పల్లీల పొడి ఇప్పుడు అడిగి తెప్పించుకుంది.

ఉంటుందో వచ్చేస్తుందో తెలియదు. నిన్న మాత్రం ఫోన్ పెట్టేస్తూ, "ఇంకా పసుపు రంగులోనే ఉన్నానమ్మా" అంది.

"ఉండు. నీళ్లు నేను చూసుకుంటా" అన్నాను.