అలాస్కా ఓడ దిగాక, విమానం ఎక్కేలోగా

అలాస్కా నుంచి తిరిగొచ్చే ఓడలు పొద్దున్నే సియాటిల్ రేవు చేరతాయి. పది గంటలకల్లా ప్రయాణికులంతా దిగిపోతారు. విమానమేమో ఏ మూడింటికో, నాలుగింటికో. క్రూజ్‌కు వచ్చే కుటుంబాలకు ఈ నడిమి గంటలను విమానాశ్రయం కుర్చీల్లో గడిపేయాలనిపించడం సహజమే. కానీ ఈ ఊరిని ఇంత ఊరుగా చేసింది అలాస్కా దారే. ఆ కథ తెలిపే చోట్లు రేవును ఆనుకునే ఉన్నాయి. వాటిని చూడకుండా వెళ్తే యాత్రలో ఒక భాగం మిగిలిపోయినట్టే.

ముందు సామాను సంగతి. పెట్టెలను ఓడ నుంచి నేరుగా విమానాశ్రయానికి చేర్చే ‘పోర్ట్ వాలె’ అనే ఉచిత ఏర్పాటు ఇక్కడుంది. అన్ని విమాన సంస్థలకూ వర్తించదు కనుక ఓడలో ఉండగానే కనుక్కోవాలి. ఓడ పియర్ 66లో ఆగితే ఊళ్లోకి నడిచి వెళ్లవచ్చు. పియర్ 91 అయితే ట్యాక్సీ తప్పదు.

మొదట వెళ్లాల్సింది పైక్ ప్లేస్ మార్కెట్‌కు. దాని పుట్టుక వెనక ఉల్లిపాయ ఉంది. 1906–07 మధ్య సియాటిల్‌లో ఉల్లి ధర పది రెట్లు పెరిగింది. పండించినవాడికి గిట్టలేదు, వండుకునేవాడికి అందలేదు, లాభమంతా దళారులకే పోయింది. నగర కౌన్సిల్ సభ్యుడు థామస్ రెవెల్ పట్టుబట్టడంతో, రైతులే నేరుగా అమ్ముకునే వీధి సంత 1907 ఆగస్టు 17న మొదలైంది. ఆ రోజు వచ్చిన బండ్లు కొన్నే, కొనేవాళ్లు మాత్రం వేలల్లో. మధ్యాహ్నానికి ముందే సరుకంతా అయిపోయింది. 1999లో మన దగ్గర రైతు బజార్లు పెట్టిన ఉద్దేశమూ ఇదే కదా!

ఈ సంతలో కూరగాయలు అమ్మినవారిలో ఒకప్పుడు జపాన్ మూలాల రైతులు చాలామంది ఉండేవారు. 1942లో ప్రభుత్వం వారిని నిర్బంధ శిబిరాలకు తరలించడంతో అరుగులకు అరుగులే ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత 1960లలో మార్కెట్‌ను కూల్చి పెద్ద భవనాలు కట్టాలన్న పథకం వచ్చింది. వాస్తుశిల్పి విక్టర్ స్టైన్‌బ్రూక్ ముందు నిలిచి ఉద్యమం నడిపాడు. 1971లో జనం ఓటు వేసి మార్కెట్‌ను కాపాడుకున్నారు.

చేపలు గాల్లోకి విసిరి పట్టుకునే దుకాణం దగ్గర పిల్లలు కాసేపు ఆగుతారు, ఆగనివ్వండి. వేసవిలో వస్తే పసుపు, ఎరుపు కలిసిన రెయినియర్ చెర్రీలు తప్పకుండా కొనుక్కోవాలి. ఈ రకం పుట్టింది వాషింగ్టన్ రాష్ట్రంలోనే. ‘మొదటి స్టార్‌బక్స్’ ముందు బారులు తీరిన వరుసలో మాత్రం సమయం పోగొట్టుకోవద్దు. 1971లో తెరిచిన అసలు దుకాణం వేరేచోట ఉండేది, 1976లో ఇక్కడికి మారింది.

మార్కెట్ నుంచి సముద్రం వైపు దిగడానికి 2024 అక్టోబరులో ‘ఓవర్‌లుక్ వాక్’ అనే విశాలమైన నడకదారి తెరిచారు. అంతకుముందు ఊరికీ నీటికీ అడ్డంగా రెండంతస్తుల రహదారి వంతెన ఉండేది. 2001 భూకంపంలో అది దెబ్బతింది. వాహనాలను సొరంగంలోకి మళ్లించి, 2019లో వంతెనను కూల్చేశారు. ఒడ్డున కొత్తగా కట్టిన గోడ వెంబడి కాలిబాటలో గాజు పలకలు కనిపిస్తాయి. అవి అలంకారానికి కాదు. సాల్మన్ పిల్లలు చీకటి నీడలోకి ఈదడానికి జంకుతాయి కనుక, కింది నీటికి వెలుతురు అందించడానికి పెట్టినవి. ఒక మహానగరం చేపపిల్లల కోసం కాలిబాట తీరునే మార్చిందంటే, ఆ పలకల దగ్గర రెండు నిమిషాలు ఆగి తీరాలి.

అక్కడి నుంచి దక్షిణంగా నడిస్తే పయనీర్ స్క్వేర్. 1889 జూన్ 6న ఒక వడ్రంగి దుకాణంలో జిగురు పొంగి అంటుకున్న మంట ఊరి నడిబొడ్డును బూడిద చేసింది. తర్వాత ఇటుకలతో, రాళ్లతో కట్టుకున్నారు, వీధుల మట్టం ఎత్తు పెంచారు. దాంతో అలా కట్టిన దుకాణాల ముంగిళ్లు నేల కింద ఉండిపోయాయి.

అలాస్కా యాత్రికులకు అన్నిటికన్నా దగ్గరైన చోటు ఇక్కడే ఉంది. అది క్లాండైక్ గోల్డ్ రష్ మ్యూజియం. ప్రవేశం ఉచితం. 1897 జూలై 17న ‘పోర్ట్‌లాండ్’ అనే స్టీమరు బంగారంతో ఈ రేవుకు చేరింది. ఆ వార్తతో సుమారు లక్షమంది అలాస్కా మీదుగా కెనడాలోని క్లాండైక్‌కు బయలుదేరారని అంచనా. ఏడాదికి సరిపడా తిండీ సామగ్రీ వెంట ఉంటే తప్ప కెనడా పోలీసులు సరిహద్దు దాటనిచ్చేవారు కాదు. అంటే మనిషికి ఇంచుమించు టన్ను బరువు. ఆ సరుకు అమ్మి సియాటిల్ వర్తకులు బాగుపడ్డారు. బంగారం కోసం వెళ్లినవారిలో ఎక్కువమంది వట్టి చేతులతో తిరిగొచ్చారు. అలా వెళ్లినవారిలో ఒకడైన జాన్ నార్డ్‌స్ట్రామ్ తెచ్చుకున్న పదమూడు వేల డాలర్లే 1901లో ఒక చెప్పుల దుకాణానికి పెట్టుబడి అయ్యాయి. నేటి నార్డ్‌స్ట్రామ్ దుకాణాలకు అదే మొదలు. క్రూజ్‌లో అలాస్కా రేవు స్కాగ్వేలో దిగి, వారు నడిచిన కొండదారి చూసి వచ్చినవారికి ఇక్కడి ఫొటోలు చూస్తుంటే, ఆ మంచులో బరువులు మోసినవారి కష్టం ఇంకా బాగా అర్థమవుతుంది.

స్పేస్ నీడిల్ గోపురాన్ని ఈసారికి దూరం నుంచే చూడటం మేలు. సరస్సుకు అవతల ఉన్న రెడ్‌మండ్, బెల్‌వ్యూలలో బంధువులుంటే భోజనానికి రమ్మంటారు. సరస్సు దాటి వెళ్లి రావడానికే పూట గడిచిపోతుంది కనుక, వారినే మార్కెట్‌కు రమ్మంటే అందరూ కలిసి తినవచ్చు.

పయనీర్ స్క్వేర్ స్టేషన్‌లో లింక్ రైలు ఎక్కితే విమానాశ్రయానికి అరగంటకు కాస్త అటూఇటూ పడుతుంది, టికెట్ 3 డాలర్లు. రైలు దిగాక టెర్మినల్‌కు కొంచెం నడక ఉంటుంది. క్రూజ్ రోజుల్లో భద్రతా తనిఖీ దగ్గర రద్దీ ఎక్కువ. నాలుగింటి విమానానికి ఒంటిగంటకల్లా రైల్లో ఉండాలి.