చెవులు మూసుకున్నవాడు

పదవీ విరమణానంతరం చిత్రకళా గ్రంథాలు తిరగవేయడం నాకొక వ్యసనమైంది. మొన్న ఆ క్రమంలోనే స్పెయిన్ దేశపు చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా 1798లో వేసిన ‘మంత్రగత్తెల ఆకాశయానం’ కంటబడింది. అసలు పటం మాడ్రిడ్ నగరంలోని ప్రాడో ప్రదర్శనశాలలో ఉన్నది. మూరెడు ఎత్తు మించదు. అయినా నాలుగు రోజులుగా నన్ను విడువకున్నది.

గాఢాంధకారం. గగనతలాన ముగ్గురు మాయావులు ఒక నగ్న మానవుణ్ణి ఎత్తిపట్టి, అతని దేహానికి నోళ్ళు ఆనించి ఉన్నారు. వారి తలలపై పొడవాటి మొనదేలిన టోపీలు. మతవిచారణ సభ దోషుల తలలకు పెట్టించిన టోపీలను అవి తలపిస్తాయి. క్రింద ఇద్దరు బాటసారులు. ఒకడు తెల్లని వస్త్రం ముసుగు వేసుకొని, దృష్టిదోషం తగలకుండా బొటనవ్రేళ్ళను వ్రేళ్ళ నడుమ దూర్చి పరుగెత్తుతున్నాడు. రెండవవాడు నేలపై బోర్లపడి రెండు చెవులూ మూసుకున్నాడు.

గోయాకు పూర్వమే ఆ దేశంలో ఈ భయం ప్రాణాలు తీసింది. 1610లో లొగ్రోన్యో పట్టణంలో మంత్రగాళ్ళన్న నింద మోపి ఆరుగురిని దహించారు. అప్పటికే చెరలో మరణించిన ఐదుగురికి మారుగా బొమ్మలను తగులబెట్టారు. ఆ తీర్పరులలో ఒకడైన అలొన్సో దె సలసార్ మనసులో సందేహం మిగిలింది. మరుసటి ఏడు ఊరూరా తిరిగి 1,800 మందికి పైగా విచారించాడు. వారిలో అత్యధికులు పిల్లలే. నమ్మదగిన సాక్ష్యం ఒక్కటీ దొరకలేదు. ప్రచారమే ఈ భూతాన్ని పుట్టించిందని నివేదించాడు. 1614లో మతవిచారణ ఉన్నత మండలి ఇటువంటి అభియోగాలపై కఠిన నిబంధనలు విధించింది. దహనాలు ఆగాయి గాని, జనుల మనసులలోని భయం ఆగలేదు. దాదాపు రెండు శతాబ్దాల తరువాత గోయా చిత్రించినది ఆ భయాన్నే.

ఇక నా మాట. నలభై యేండ్ల క్రితం, కొత్తగా పంతులునై ఒక పల్లెలో ఉన్నాను. ఇద్దరు పిల్లలకు జ్వరాలు తగిలితే ఊరివారు ఒక వితంతువుపై చేతబడి నింద వేశారు. రచ్చబండ వద్ద ఆమెను నిలదీస్తున్న కేకలు బడిలోకి వినవచ్చాయి. నేను తలుపు మూయించి, పిల్లలచేత పద్యం మరికొంత బిగ్గరగా వల్లె వేయించాను. మరునాటికి ఆమె ఊరు విడిచిపోయింది. ఎక్కడికని నేనెవరినీ అడగలేదు.

చేతబడిపై నాకు ఏనాడూ నమ్మకం లేదు. ముసుగు వేసుకున్నవాడు నమ్మినవాడు. కనుక వానిది అజ్ఞానమని సరిపెట్టుకోవచ్చు. చెవులు మూసుకున్నవాడు నమ్మినవాడో కాడో గోయా చెప్పలేదు. సలసార్ తాను కూర్చున్న సభ తీర్పునే శంకించి, ఊరూరా వెళ్ళి అడిగాడు. నాకు ఆ రచ్చబండ బడికి నూరడుగులే.

ఆనాడు పిల్లలు వల్లించిన పద్యం నాకింకా కంఠస్థమే. ఆమె పేరు మాత్రం ఎంత ప్రయత్నించినా గుర్తుకు రావడం లేదు.