తాగకుండా ఆడిన దండారి

 

దీపావళి దగ్గర పడుతోంది. ఎవరి ఊరి దండారి ఏ ఊరికి పోతోంది, ఎన్ని నెమలి ఈకల టోపీలు తయారయ్యాయి అని అప్పుడే ఫోటోలు మొదలయ్యాయి. వాటిలో ఒకటి చూశా. కొత్త టోపీ పక్కన వరసగా ఆరు క్వార్టర్ సీసాలు పెట్టి "మేము రెడీ" అని రాశారు. నాకు నవ్వొచ్చింది. మూడేళ్ల కింద అచ్చం అలాంటి ఫోటో పెట్టింది నేనే. ఆ పెట్టిన తమ్ముణ్ణి తిట్టడానికి ఇది రాయట్లేదు. నా సంగతి ఒకటి ఉంది, పండుగ లోపు చెప్పాలనిపించింది.

కోయ, కొండరెడ్డి, చెంచు దోస్తులు కూడా ఇది చదువుతారు కాబట్టి ముందు రెండు ముక్కలు. దండారి అంటే మా ఆదిలాబాద్ వైపు రాజ్‌గోండులు, కోలాములు దీపావళి రోజుల్లో చేసే పండుగ. మా పేన్ పేరు ఏత్మాసూర్. గుస్సాడీ వేషం కట్టినవాళ్లు ఒంటికి బూడిద పూసుకుని, భుజాన తోలు వేసుకుని, తలమీద నెమలి ఈకల టోపీ పెట్టుకుంటారు. వేషం దించేదాకా స్నానం చేయరు, కాలికి చెప్పు వేయరు. మొత్తం దండు ఇంకో ఊరికి చుట్టంగా పోతుంది. ఆ ఊరివాళ్లు ఎదురొచ్చి తీసుకుపోయి, అన్నం పెట్టి, రాత్రంతా ఆడించి, తెల్లారాక సాగనంపుతారు. పెళ్లి సంబంధాలు కూడా అక్కడే కుదురుతాయి. చివర్న కోలబోడి చేసి ముగిస్తాం. తాతల కాలంలో నడిచే పోయేవాళ్లు. ఇప్పుడు ట్రాక్టర్, లేకపోతే డీసీఎం.

వాయిద్యాలు గుమేలా, పర్ర, వెట్టె, తుడుం, కాలికోం, పెప్రె. నేను గుమేలా కొడతాను. పెప్రె మాత్రం అందరికీ వచ్చేది కాదు. మా ఊళ్లో పర్ధాన్ కాకా ఒక్కడే ఊదేవాడు. ముసలాయన. చెంపలు లోపలికి పోయి ఉండేవి, పెప్రె నోట్లో పెట్టగానే బెలూన్ లెక్క ఉబ్బేవి. చిన్నప్పుడు ఆ చెంపలు చూసి నవ్వి మా అవ్వ చేతిలో దెబ్బలు తిన్నా.

2022లో నేను డిగ్రీ రెండో ఏడు, హైదరాబాద్ హాస్టల్లో ఉన్నా. అంతకుముందే కాలేజీ ఫెస్ట్‌లో ఒక బ్యాండ్ వచ్చింది. పెద్ద స్టేజీ, లైట్లు, అందరూ గెంతుతున్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డా. ఎవడో బీరు చేతిలో పెట్టాడు. రెండు తాగాక కాళ్లు కదిలాయి. నడక వచ్చినప్పటి నుంచి ఊళ్లో ఆడుతున్నవాణ్ణి, పట్నంలో ఆడటానికి నాకు బీరు కావాల్సి వచ్చింది. ఆ అలవాటు అక్కడే ఆగితే బాగుండేది. దాన్ని ఊరికి తెచ్చుకున్నా.

ఆ దీపావళికి ట్రాక్టర్ ఎక్కకముందే మొదలుపెట్టాం. దారిలో ఒక క్వార్టర్. ఊరికి చేరాక ఇప్పసారా. సాయంత్రం ఒకటి రెండు చుట్లు బాగా ఆడినట్టే గుర్తు. పది గంటలకు డప్పులన్నీ పెట్టిన చోట కాసేపు నడుం వాల్చా. మళ్లీ కళ్లు తెరిచేసరికి ఎండ ముఖం మీద ఉంది. ఒక పిల్లగాడు పుల్లతో నా చెవిలో గెలుకుతున్నాడు. మావాళ్లు సామాను ట్రాక్టర్లో వేస్తున్నారు.

తిరుగు దారంతా అందరిదీ ఒకటే మాట. కాకా అర్ధరాత్రి తర్వాత మొదలుపెట్టి కోడి కూసేదాకా ఊదాడట. ఏళ్ల కిందట వదిలేసిన పాత వరసలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుని ఊదాడట. ఆ ఊరి ముసలివాళ్లు లేచొచ్చి కూర్చున్నారట. కాకా ట్రాక్టర్ మూలన కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నేను పోయి "వచ్చే ఏడు వింటా తియ్ కాకా" అన్నా. ఆయన కళ్లు తెరవకుండానే తలాడించాడు.

ఏప్రిల్‌లో, ఇప్పపూలు రాలే రోజుల్లో, కాకా పోయాడు. కొడుకు ఆటో నడుపుతాడు, పెప్రె నేర్చుకోలేదు. ఆ రాత్రి ఎవరైనా రికార్డు చేశారా అని ఊళ్లో ప్రతి ఫోన్ అడిగి చూశా. నా ఫోన్లో పద్నాలుగు వీడియోలు ఉన్నాయి. అన్నీ ట్రాక్టర్లో డీజే పాటకు మేము అరిచినవే.

అందుకని 2023 దండారికి తాగొద్దనుకున్నా. అనుకోవడం తేలికే. చుట్టంగా పోయిన ఊళ్లో పటేల్ స్వయంగా మోదుగాకు డొప్పలో సారా పోసి చేతికిస్తే వద్దని ఎట్లా అంటాం? అది కూల్‌డ్రింక్ కాదు కదా. పేన్‌కు పెట్టేది, పెద్దలకు పెట్టేది, చుట్టానికి పెట్టేది. ఈ చిక్కు నాకు తెగక పోయేముందు మా దేవారిని అడిగా. ఆయన గోండీలో చెప్పాడు, తెలుగులో రాస్తే ఆ రుచి రాదు. "పేన్ పేరు మీద ఒక చుక్క నేలకు. ఒక చుక్క నీ పెదవికి. దేవుడి లెక్క అంతే. మిగతా సీసా నీ లెక్క, దాన్ని ఆయన మీద వెయ్యకు."

అట్లాగే చేశా. నేల మీద చుక్క వదిలి, పెదవికి తాకించి, డొప్ప పక్కాయనకు ఇచ్చేశా. ఎవరూ ఏమీ అనలేదు. అసలు ఎవరూ చూడలేదు. నెల రోజులు నేను భయపడింది దీనికేనా అనిపించింది.

చూసింది ఒక్క బావ. "ఏం బావా, హైదరాబాద్ పోయి పంతులువైనవా?" అని అందరిముందు అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వా గానీ లోపల గుచ్చుకుంది. తాగనందుకు అన్న మాట అయితే పోనీ అనుకుందును. నువ్వు మాలో లేవు అన్నట్టు తగిలింది. హాస్టల్లో నా రూమ్మేట్ మొదటివారమే అడిగాడు, "మీవాళ్లు చిన్నప్పటి నుంచే తాగుతారట కదా" అని. వాడిమీద కోపమొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు మా బావ అన్నదీ అదే మాట. ఆదివాసీ అంటే తాగాలి అని బయటివాడు ఎగతాళిగా అంటాడు, మనవాడు గర్వంగా అంటాడు. మనల్ని అంత చిన్నగా చూడటానికి ఇద్దరూ ఎప్పుడు ఒప్పందం చేసుకున్నారో!

ఇప్పచెట్టును నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. దాని పువ్వు తింటాం, గింజల నూనె వాడతాం, ఉట్నూర్‌లో మన ఆడవాళ్లు చేసే ఇప్పపువ్వు లడ్డు ఇవాళ ఎక్కడెక్కడికో పోతోంది. సారా కూడా అందులో ఒకటి. మా ఇంట్లో ఎన్ని పూలు ఎండితే అంత సారా, కుండ అయిపోతే అయిపోయింది. బెల్టుషాపు కుండ అట్లా కాదు, అది అయిపోదు. నాకు కనిపించిన తేడా ఇదే. 1996 నాటి పెసా చట్టంలో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మద్యం అమ్మకాన్ని ఆపడమో, అదుపు చేయడమో గ్రామసభకు ఉండాల్సిన అధికారమని రాసి ఉంది. లా చదివే దోస్తులకు నాకంటే బాగా తెలుసు. మా గ్రామసభలో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, దాచుకోవడం ఎందుకు.

సరే, ఆ రాత్రి సంగతి. కడుపునిండా తిన్నా. జొన్నరొట్టె, పప్పు. ఖాళీ కడుపుతో ఉంటే చెయ్యి సీసా వైపే పోతుందని నాకు అనుభవం. గుమేలా మెడలోంచి తీయలేదు, రెండు చేతులూ దానిమీదే ఉంచా. చేతిలో గ్లాసు లేకపోతే చేతులు ఏం చేసుకోవాలో తెలియదు, కష్టమంతా అక్కడే ఉంది. చాయ్ మూడుసార్లు తాగా. పదకొండు గంటలప్పుడు మాత్రం విసుగొచ్చింది. తాగినవాళ్లంతా మంచి ఊపులో ఉన్నారు, చెప్పిన జోకే చెప్తున్నారు, నాకొక్కడికే నవ్వు రావట్లేదు. చెడ్డ నిర్ణయం తీసుకున్నాననిపించింది. లేచి ఊరి బయటదాకా నడిచి వచ్చా.

ఒంటిగంట దాటాక మారింది. ఒక్కొక్కరే ఒరిగిపోయారు. నిలబడి ఉన్నవాళ్లు పదిహేను మంది ఉంటారేమో. వాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లే అని అప్పుడు చూశా. పర్ర కొట్టే తాత రాత్రంతా రెండు డొప్పలు తాగాడు, నేను లెక్కపెట్టా. పెద్దవాళ్లే బాగా తాగుతారని అప్పటిదాకా నా నమ్మకం. అడిగితే చెయ్యెత్తి చూపించాడు. "ఈ వేళ్లు నా మాట వినాలె కదరా." గుస్సాడీల్లో పెద్దాయన అసలు ముట్టుకోలేదు. అంత పెద్ద టోపీ తలమీద పెట్టుకుని తూలితే మెడ ఏమవుతుందో ఆలోచించండి.

నేను విన్నది ఇంకొకటి ఉంది. దరువు మారి గుండ్రం అటునుంచి ఇటు తిరుగుతుంది కదా. అది తిరిగేముందు తుడుం ఒక దెబ్బ తక్కువ కొడుతుంది. అరక్షణం. ఇన్నేళ్లు నేను పక్కవాడు లాగితే తిరిగేవాణ్ణి, నాకు తెలియదు. ఆ రాత్రి ఆ ఖాళీ వినిపించింది. విని నా అంతట నేనే తిరిగా. మొత్తం గజ్జెలన్నీ ఒక్కసారే పడ్డాయి. వొళ్లు జలదరించింది. తర్వాత ప్రతిసారీ దానికోసమే చెవులు పెట్టి ఎదురుచూశా, తెల్లారిందని కూడా తెలియలేదు.

పొద్దున మా అత్తకు ఈ కథంతా ఉత్సాహంగా చెప్పా. ఆమె అంత ఆశ్చర్యపోలేదు. "మేం ఆడోళ్లం ఏటా చూస్తూనే ఉంటం. ఎవడు ఎన్ని గంటలకు పడతడో పందెం కూడా కడతం" అంది. 2022లో నామీద పందెం ఎవరు గెలిచారని అడిగా. చెప్పలేదు.

మంచే జరిగిందని కూడా అనను. రెండు గంటలకు బావ ఇంకో సీసాకు పోతానని బండి తీశాడు. చీకట్లో ఆ మట్టిరోడ్డు, పక్కనే గట్టు లేని బావి. తాళం లాక్కుని నా గుమేలా లోపల వేసుకున్నా. తోసుకున్నాం, నా చొక్కా చిరిగింది. తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడతాడు గానీ ఆ రాత్రి సంగతి ఇద్దరం ఎత్తం.

2024లో, దీపావళికి వారం ముందు మార్లవాయి గుస్సాడీ కనకరాజు గారు పోయారు. 2021లో పద్మశ్రీ వచ్చినాయన, ఎందరో పిల్లలకు గుస్సాడీ నేర్పినాయన. అందరం స్టేటస్‌లు పెట్టాం. నాకు మాత్రం మా కాకా గుర్తొచ్చాడు. ఆయన ఫోటో పెడదామంటే సరైన ఫోటో కూడా లేదు. ఆ ఏడు దండారిలో నేను ఒక డొప్ప పూర్తిగా తాగా. తాగి ఆగిపోయా, తెల్లారేదాకా ఆడా. అది తప్పని అనుకోవట్లేదు. కానీ ఒక్క డొప్పతో ఆగలేనివాళ్లూ ఉన్నారు, మా అన్న అట్లాంటివాడే. వాళ్లకు నా లెక్క పనికిరాదు. పెదవికి కూడా తాకించకుండా మొక్కి పక్కకు ఇచ్చేయొచ్చని దేవారి చెప్పాడు. రోజూ తాగేవాళ్లు పండుగ కోసం ఒక్కసారే ఆపేయకండి. వణుకు, ఫిట్స్ వస్తాయి. ముందు డాక్టర్‌ని అడగండి.

ఈ ఏడు కాకా కొడుకు పెప్రె తీసి తుడిచాడు. ఊదితే గాలి మాత్రమే వస్తోంది. వరసలు ఎవరిని అడగాలో మాకు తెలియట్లేదు.

అందుకే అడుగుతున్నా. 2022 దీపావళి రాత్రి నార్నూర్ వైపు ఒక ఊళ్లో మీరుగానీ, మీ ఇంట్లోవాళ్లుగానీ ఉండి, పెప్రె ఊదుతున్న ముసలాయన వీడియో రెండు నిమిషాలదైనా ఫోన్లో ఉంటే పంపండి. ఎర్ర రుమాలు తలకు చుట్టుకుని ఉంటాడు, చెంపలు ఉబ్బి ఉంటాయి. వెనకాల డప్పుల పక్కన ఒకడు నోరు తెరుచుకుని నిద్రపోతూ కనిపిస్తే, అది నేనే. ఆ వీడియో అదే.